తేలికైపోతున్న ప్రశ్నలు

ఆ మంగళవారం పొద్దున మెమేర్ పొయ్యి దగ్గర నిలబడి బక్‌వీట్ అనే గింజల పిండితో అట్లు పోస్తోంది. ఆ అట్లను తిరగెయ్యరు. ఒకవైపే కాలి, పైన చిన్నచిన్న చిల్లులు పడగానే తీసి గుడ్డ కింద దొంతరగా పెడతారు. జోస్లిన్ ఒక అట్టు తీసుకుని వెన్న రాసింది, చుట్ట చుట్టింది, కానీ నోట్లో పెట్టుకోలేదు.

"తినవే. ఖాళీ కడుపుతో లెక్కలు వస్తాయా?" అంది మెమేర్. మెమేర్ జోస్లిన్‌కి అమ్మమ్మ. ఎనభై దాటినా ఆ ఇంట్లో పొయ్యి మీద పెత్తనం ఆవిడదే.

"మా జోసీకి కడుపుతో పనేముంది? లెక్కలు దాని రక్తంలోనే ఉన్నాయి" అన్నాడు తండ్రి రోలాండ్ డ్యూబె, కాఫీ గ్లాసు కడుగుతూ.

రోలాండ్ ఆ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. నది ఒడ్డున కాగితం మిల్లు ఉన్నన్నాళ్ళూ మిల్లు వాళ్ళ పిల్లలకు చెప్పాడు, మిల్లు మూతపడ్డాక ఉద్యోగాలు పోయినవాళ్ళ పిల్లలకు చెబుతున్నాడు. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు ఒకరైనా ఉంటారు. ఆయన క్లాసులో తప్పినవాళ్ళు మాత్రం కనబడరు. అందుకే ఆయనంటే ఊరందరికీ ఇష్టం. కూతురికి ఆయన క్లాసులో నాలుగేళ్ళూ ఎ గ్రేడే వచ్చింది. ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సుకి వెళ్తోందని కిరాణా కొట్టులోనూ చర్చి మెట్ల మీదా కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

కాలేజీలో కోర్సులకు పేరు రాయించుకునే ముందు ప్రతివాళ్ళూ లెక్కల పరీక్ష ఒకటి రాయాలి. ఎవరు ఏ స్థాయి క్లాసులో కూర్చోవాలో దాన్ని బట్టి తేలుస్తారు. అందులో పాస్, ఫెయిల్ అనేవి లేవని రోలాండ్ వారం రోజులుగా చెబుతున్నాడు. అది మన జోసీకి పరీక్షే కాదు, సంతకం పెట్టి రావడమంత పని అన్నాడు. జోస్లిన్ తలాడించింది. అలా తలాడించడం ఆమెకు బాగా అలవాటు.

కాలేజీకి గంట ప్రయాణం. తల్లి క్లాడెట్ కారు నడిపింది. పరీక్ష గదిలో కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. మొదటి ప్రశ్నలో రెండు సమీకరణాలు, ఎక్స్, వై. జోస్లిన్ దాన్ని చాలాసేపు చూసి ఏదో ఒక జవాబు నొక్కింది. రెండోదీ అంతే. మూడోది ఒకే సమీకరణం. ఆ తర్వాత ఎక్స్ కూడా పోయి భిన్నాలు వచ్చాయి. ఆ తర్వాత శాతాలు.

ముందు ఆమెకు కాస్త ఊపిరి ఆడినట్టయింది. హమ్మయ్య, తేలికవుతున్నాయి అనుకుంది. అంతలో పరీక్షకు ముందు చదివిన సూచన ఒకటి గుర్తొచ్చింది. సరిగ్గా చేస్తే తర్వాతి ప్రశ్న కష్టంగా ఇస్తుంది, తప్పు చేస్తే తేలికగా ఇస్తుంది. ఆమె చెవులు వేడెక్కాయి. ఆ యంత్రం ఒక్కో మెట్టే కిందికి దిగుతూ, ఇదైనా వచ్చా, పోనీ ఇదైనా వచ్చా అని అడుగుతోంది. పక్క కుర్చీలో తెల్ల గడ్డం మనిషి ఒకాయన పెదవులు కదుపుతూ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటున్నాడు. తనూ అంతే, కాకపోతే బల్ల కింద.

పరీక్ష అవగానే ఫలితం తెర మీదే వచ్చింది. అన్నిటికంటే కింది క్లాసు. అందులో చెప్పేది భిన్నాలు, దశాంశాలు. ఆ క్లాసు డిగ్రీలో లెక్కకు రాదు. అది గట్టెక్కాక ఇంకొకటి, ఆ తర్వాతే ఎక్స్‌రే కోర్సుకు కావలసిన లెక్కలు. అంటే ఏడాది వెనక్కి.

కార్లో తల్లికి చెప్పింది. క్లాడెట్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, నాన్నకు నేను చెబుతాలే అంది. ఆ మాట జోస్లిన్‌కి చురుక్కుమంది. ఎందుకు కోపం వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఇల్లు చేరేదాకా కిటికీలోంచి చూస్తూ పళ్ళు బిగించి కూర్చుంది.

సంగతి వినగానే రోలాండ్ ఒంటికాలి మీద లేచాడు. యంత్రం పాడైందన్నాడు. ఇంకొకరి ఫలితం ఈమెకు వచ్చిందన్నాడు. అసలు పిల్లల చదువును ఒక గంటలో తేల్చే ఆ కాలేజీ వాళ్ళకు సిగ్గుండాలన్నాడు. కూతుర్ని మాత్రం ఒక్క మాట కూడా అడగలేదు. ఏ ప్రశ్నలు వచ్చాయి, ఎలా చేశావు అని ఒక్కసారి అడిగినా ఆమె అప్పుడే చెప్పేసేది. మర్నాడు స్కూలుకు మధ్యాహ్నం సెలవు పెట్టి, పద జోసీ అన్నాడు.

"నేను రాను నాన్నా. వదిలెయ్."

"వదిలెయ్యడమేంటి? తప్పు వాళ్ళది. నువ్వు పక్కనే ఉండాలి."

పరీక్షలు చూసుకునే ఆఫీసులో ట్రేసీ బూషార్ అనే ఆమె ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. రోలాండ్‌ని చూడగానే లేచి నిలబడి, కూర్చోండి సార్ అంది. ఆమె కూడా ఆ ఊరి పిల్లే, ఆయన దగ్గర చదువుకున్నదే. దాంతో రోలాండ్‌కి ఇంకా ధైర్యం వచ్చింది. గొంతు పెంచి మాట్లాడాడు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు. ట్రేసీ ఓపిగ్గా విని, కావాలంటే ఇంకోసారి రాయొచ్చు సార్, కొంచెం చదువుకుని వస్తే మంచిది అంది.

"చదువుకోవడం దేనికి? దానికి వచ్చు. ఇదిగో, నీ ముందే అడుగుతాను చూడు." కూతురి వైపు తిరిగాడు. "జోసీ, మూడు బై నాలుగుని రెండు బై మూడుతో భాగిస్తే ఎంత?"

ఆయన చిరునవ్వుతో చూస్తున్నాడు, ఆ జవాబు తన జేబులోనే ఉన్నట్టు. బయట బెంచీ మీద మాటలు ఆగిపోయాయి.

"సగం?" అంది.

రోలాండ్ నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. "భాగించమన్నాను, గుణించమనలేదు. తొందరపడకు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ అడిగాడు, ఈసారి మెల్లగా, చంటిపిల్లను అడిగినట్టు. ఆమె నేల చూస్తూ నిలబడింది.

అప్పుడు ట్రేసీ కాగితాలు సర్దుతూ, ఆయన మొహం చూడకుండా అంది. "మన ఊరి పిల్లలు చాలామంది ఆ క్లాసులోనే మొదలుపెడతారు సార్. నేనూ అక్కడే మొదలుపెట్టాను."

"నీకు నా దగ్గర బి వచ్చింది" అన్నాడు రోలాండ్.

"అవును సార్. ఆ బి ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ తెలీదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే రోలాండ్ ఏదో ఒకటి అనేవాడే. టోపీ తీసుకుని బయటికి నడిచాడు. జోస్లిన్ ఆయన వెనకాలే, బెంచీ మీద వాళ్ళ చూపుల మధ్యనుంచి తలవంచుకుని వచ్చింది.

ఇంటికి రాగానే కాళ్ళు తుడుచుకోకుండానే రోలాండ్ వంటింట్లోకి వెళ్ళి, నీ కూతురు నా పరువు తీసింది అన్నాడు భార్యతో. ఐదో తరగతి పిల్లలు చేసే లెక్క, అంతమంది ముందు నోరు తెరవలేకపోయింది. రోజంతా ఫోన్ చేతిలో ఉంటే ఏం వస్తుంది?

జోస్లిన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంతమంది ముందు అడగమని నేనన్నానా? రానని మొత్తుకున్నాను. ఈ నాలుగేళ్ళలో నన్ను ఒక్క లెక్క అడిగావా నాన్నా? ఇవాళే అడిగావు. అదీ ఆ ట్రేసీకి చూపించడానికి."

"నీకు ఎ ఇచ్చాను నేను."

"నువ్వే ఇచ్చావు. నాకు రాలేదు, నువ్వు ఇచ్చావు. ఆ చలికాలం నేను ఎన్నాళ్ళు స్కూలుకు వచ్చాను? ఎన్ని పరీక్షలు రాశాను? చెప్పు."

రెండేళ్ళ కిందటి చలికాలం అది. క్లాడెట్‌కి రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషన్ అయింది. తర్వాత నెలల తరబడి మందులు, వాంతులు. మంచు కురుస్తుంటే నగరంలో ఆస్పత్రికి తీసుకెళ్ళడం, తీసుకురావడం, మెమేర్‌కి చేతికింద సాయం, బట్టలు ఉతకడం, అన్నీ జోస్లిన్ చేసింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఒకావిడ, తల్లి భయపడుతుంటే చెయ్యి పట్టుకుని ఊపిరి బిగపట్టమని చెప్పడం చూసి, ఈ పని నేర్చుకోవాలని అప్పుడే అనుకుంది. ఆ ఏడు ఆమె లెక్కల పరీక్షలు సగానికి పైగా రాయలేదు. చివర్లో ఎ వచ్చింది.

"తర్వాత రాస్తానన్నాను నీతో. గుర్తుందా? వసారాలో మంచు తోస్తుంటే అడిగాను. నీకేం వచ్చో నాకు తెలీదా, పోనియ్ అన్నావు. నీకేం తెలుసు నాన్నా? ఆ పైఏడాది నువ్వు బోర్డు మీద రాసిందేదీ నాకు అర్థం కాలేదు. మొదట్లోనే పట్టు తప్పిపోయింది. అర్థమైందా అని నువ్వు అడిగితే తలాడించాను. డ్యూబె మాస్టారి కూతురు రాదని ఎలా చెబుతుంది?"

"చెప్పాల్సింది." రోలాండ్ గొంతు లేచింది. "నోరుంది కదా? ఇవాళ ఇంత మాట్లాడుతున్నావు కదా?"

"ఎ ఇచ్చేసినవాడికి ఏమని చెప్పను?"

క్లాడెట్ మధ్యలోకి వచ్చింది. "ఆపండి ఇద్దరూ. ఆయన్ని అడిగింది నేను. పిల్ల నలిగిపోతోంది, పరీక్షలంటూ దాన్ని పీడించకు అని మంచంలో పడుండి నేనే అన్నాను."

జోస్లిన్ తల్లి వైపు చూసింది. ఇది ఆమెకు తెలియదు. కోపం తగ్గుతుందేమో అనుకుంటే ఇంకా పెరిగింది. "మీరిద్దరూ కలిసి అనుకున్నారు. నన్ను అడగలేదు. మందులు టైముకి ఇవ్వగలను, నిన్ను ఎత్తి కూర్చోబెట్టగలను, లెక్కల పరీక్ష మాత్రం రాయలేనా? అంత చేతకానిదాన్నా?"

"చేతకానిదానివని కాదే" అంటూ క్లాడెట్ కుర్చీలో కూలబడింది.

మెమేర్ అంతవరకూ వెన్ను తిప్పి బీన్స్ కుండ కలుపుతోంది. కలపడం ఆపకుండానే అంది. "రోలాండ్, నీ క్లాసులో ఇన్నేళ్ళలో ఒక్కడైనా తప్పాడా? నాకు గుర్తులేదు. మా రోజుల్లో బళ్ళో చెప్పే కాన్వెంటు సిస్టర్లు సగం క్లాసును తప్పించేవాళ్ళు. వాళ్ళను తిట్టుకున్నాం. కానీ నాకు భాగహారం ఇప్పటికీ వచ్చు."

"మిల్లు మూసేశాక ఆ పిల్లల ఇళ్ళు చూశారా మీరు? చేతిలో హైస్కూలు పట్టా అయినా లేకపోతే వాళ్ళ గతేంటి? తప్పించి రోడ్డు మీద పడెయ్యనా?" అని అరిచి, రోలాండ్ వెనక తలుపు ధడాలున వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గ్యారేజీలో సుత్తి చప్పుడు భోజనాల వేళ దాకా వినబడుతూనే ఉంది. ఏం కొడుతున్నాడో ఎవరూ వెళ్ళి చూడలేదు.

మర్నాడు ఆయన కూతురి గది ముందు నిలబడి, వేసవంతా నేను కూర్చోబెట్టి చెబుతాను, ఆగస్టులో మళ్ళీ పరీక్ష రాద్దువుగాని అన్నాడు. జోస్లిన్ నువ్వొద్దు అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆయన వెళ్ళిపోయాడు. ఆయన చెప్పులు మెట్ల మీద చప్పుడు చేస్తుంటే ఆమెకు జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

పరీక్ష మళ్ళీ రాయలేదు. కాలేజీకి తనే వెళ్ళి, కింది క్లాసులో పేరు రాయించుకుంది. ట్రేసీ, పొద్దున్న ఎనిమిదింటి క్లాసు తీసుకో, ఆ టీచరు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు అని మాత్రం చెప్పింది.

ఆ క్లాసులో వేళ్ళ మీద లెక్క పెట్టుకున్న తెల్ల గడ్డం మనిషి కూడా ఉన్నాడు. మిల్లులో పాతికేళ్ళు చేసి, ఇప్పుడు కరెంటు పని నేర్చుకుంటున్నాడు. ముగ్గురు పిల్లల తల్లి ఒకామె, జోస్లిన్‌తో పాటు చదివిన ఇద్దరు మగపిల్లలు కూడా ఉన్నారు. ఆ కుర్రాళ్ళు జోస్లిన్‌ని చూసి మొదట నమ్మలేదు. మాస్టారి కూతురివి, నువ్వు ఇక్కడేంటి అని నవ్వారు. మీరెందుకున్నారో నేనూ అందుకే ఉన్నాను అంది. తర్వాత ఎవరూ నవ్వలేదు. తొలి పరీక్షలో ఆమెకు సగం కంటే కాస్త ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద, తండ్రి ప్లేటు పక్కన పెట్టింది. చూపించాలనే పెట్టింది, గుచ్చాలనే పెట్టింది. రోలాండ్ ముందుకూ వెనక్కూ తిప్పి మొత్తం చదివాడు. మడిచి ఆమెకు ఇచ్చేశాడు.

ఆ తర్వాతే ఇంటికి తిట్ల ఫోన్లు మొదలయ్యాయి.

నవంబరులో హైస్కూలు మొదటి మార్కులు పిల్లల ఇళ్ళకు వెళ్ళాయి. ఈసారి డ్యూబె మాస్టారి క్లాసులో మూడోవంతు పిల్లలు తప్పారు. ఊరు అట్టుడికిపోయింది. కిరాణా కొట్టులో క్లాడెట్‌ని చూసి ఇద్దరు ఆడవాళ్ళు మాట ఆపేశారు. చర్చి దగ్గర ఎప్పుడూ చేయి కలిపేవాడు ఒకడు జేబులోంచి చెయ్యి తియ్యలేదు. ప్రిన్సిపాల్ రెండుసార్లు పిలిపించాడు. క్లాడెట్ భర్త మీద విరుచుకుపడింది. కూతురి మీది కోపం ఊరి పిల్లల మీద తీర్చుకుంటున్నావా అంది. ఇరవై ఏళ్ళు అందరినీ పాస్ చేసినవాడికి ఒక్కసారిగా నీతి పుట్టుకొచ్చిందా అంది. రోలాండ్ రోజూ స్కూలు అయ్యాక తప్పిన పిల్లలను కూర్చోబెట్టి చెబుతున్నాడని, వచ్చేవాళ్ళు నలుగురో ఐదుగురో అని మెమేర్ చెబితేగానీ జోస్లిన్‌కి తెలియలేదు.

ఒక సాయంత్రం జోస్లిన్ వంటింటి బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటుంటే ఫోన్ మోగింది. రోలాండ్ తీశాడు. అటువైపు మనిషి అరుపు బల్ల దాకా వినబడింది. బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాడి తండ్రి. లెక్కల్లో తప్పితే కుర్రాడు ఆటలో దిగడానికి లేదు. ఆ ఊళ్ళో చలికాలం అంతా ఆ ఆట కోసమే బతుకుతారు. నీకేమైనా పిచ్చా, నీ కూతురికి రాకపోతే మా వాడేం చేశాడు అంటున్నాడు. జోస్లిన్ పెన్సిల్ కింద పెట్టింది.

"వాడికి ఇంకా రాలేదు, నార్మండ్" అన్నాడు రోలాండ్. "రాని దానికి వచ్చిందని రాయను. రోజూ స్కూలయ్యాక పంపించు. నేర్చుకునేదాకా నేను వాడితో కూర్చుంటాను."

అటువైపు ఇంకేదో బూతు మాట వినబడింది. రోలాండ్ అది కూడా పూర్తిగా విన్నాడు. "సరే. రేపు పంపించు" అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాక ఆయన చేతులు వణుకుతున్నాయి. కూతురు చూస్తోందని తెలిసి వాటిని జేబుల్లో దోపుకున్నాడు. జోస్లిన్ ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. ఆయనకు భయం. ఎవరైనా తన ముందు మొహం చిన్నబుచ్చుకుంటే, ఎవరైనా తన మీద కోప్పడితే తట్టుకోలేని మనిషి. ఇన్నేళ్ళూ అందరూ మంచితనం అన్నదాంట్లో సగం అదే. ఆ చలికాలం ఇంట్లో భార్య చావుబతుకుల్లో ఉంటే, ఈ మనిషి కూతురి పరీక్ష కాగితాల మీద తప్పులు పెట్టగలిగేవాడు కాడు. ఆమెకు ఇంకా కోపంగానే ఉంది. కోపం ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్నా, నాకిది రావడం లేదు."

రోలాండ్ తిరిగి చూశాడు. ఆ మాట ఆమె నోట ఆయన ఎప్పుడూ వినలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాడు.

"ఎక్కడి దాకా వచ్చింది?"

"ఇక్కడి దాకా. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల ఏమవుతుందో తెలీట్లేదు. క్లాసులో రెండుసార్లు అడిగాను. మళ్ళీ పోయింది." కన్నీళ్ళు జారి కాగితం మీద పడ్డాయి. మోచేత్తో తుడుచుకుంది. "ఇంకా చాలా రావు నాన్నా. చాలా."

"ఆ ఏడు నిన్ను అడగాల్సింది" అన్నాడు రోలాండ్. "వసారాలో నువ్వు అడిగినప్పుడు, సరే రాయమనాల్సింది. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను."

"నేను కూడా తలాడించకుండా ఉండాల్సింది."

క్లాడెట్ గుమ్మం దాకా వచ్చి, ఇద్దరినీ చూసి, లోపలికి రాకుండా అక్కడే గోడకు ఆనుకుంది. మళ్ళీ ఫోన్ మోగింది. రోలాండ్ లేవబోతే, వద్దని సైగ చేసి ఆమే తీసింది. ఆయన పిల్లకు లెక్కలు చెబుతున్నాడు, ఏం తిట్టాలన్నా నాతో చెప్పండి, రాసుకుంటాను అంది.

జోస్లిన్ ముక్కు చీదుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. లెక్క ఐదు మైనస్, బ్రాకెట్లో ఎక్స్ మైనస్ ఏడు. బ్రాకెట్ తీసేసి కింద రాసింది. లోపలున్న మైనస్ ఏడుని మైనస్ ఏడుగానే దింపింది. తప్పు. రోలాండ్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. వేలితో బ్రాకెట్ చూపించాడు. "నీ దగ్గర ఐదుంది. అందులోంచి లోపలున్నదంతా తీసెయ్యాలి. లోపలున్నది ఎక్స్ కంటే ఏడు తక్కువ. తక్కువగా ఉన్నదాన్ని తీసేస్తే, తీసింది ఎక్కువా, తక్కువా?"

ఆమె ఆలోచించింది. చాలాసేపు పట్టింది. ఆయన జవాబు చెప్పకుండా, కిటికీ వైపు చూడకుండా, పక్కనే కూర్చున్నాడు.

"తక్కువ తీశాం. అయితే ఏడు నా దగ్గరే మిగులుతుంది" అంది జోస్లిన్ మెల్లగా. రాసినదాన్ని కొట్టేసి, కింద ప్లస్ ఏడు అని వేసి, తండ్రి మొహం చూడకుండానే తర్వాతి లెక్కకు వెళ్ళింది.